తగ్గిన బరువు

మొన్నామధ్య మా చెల్లెలి కూతురు తన ల్యాబ్‌లో తీసిన గ్రాఫొకటి చూపించింది. లిపిడ్లంటే మన కణాల పైపొరలో ఉండే కొవ్వు పదార్థాలు. వాటిని నీళ్ళలో అతిచిన్న బుడగలుగా చేసి (లోపలా నీళ్ళే) సిలికా పూత మీదకి వదిలితే, అవే పగిలి, పరుచుకుని, రెండు వరసల పొర అవుతాయిట. దాని మందం 4-5 నానోమీటర్లు!

కంటికి కనపడదు కదా, మరి తెలిసేదెలా? ఆ పూత వేసిన క్వార్ట్జ్ బిళ్ళని కరెంటుతో కంపింపజేస్తారు. దానిమీద బరువు పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. గ్రాఫులో గీత మొదట బాగా కిందకి దిగింది. అంటే బరువు చేరుతోందన్నమాట. తర్వాత ఉన్నట్టుండి పైకి లేచి, ఓ చోట నిలబడిపోయింది.

"అయ్యో, అంటుకున్నదంతా ఊడిపోయిందా?" అన్నాను.

"కాదు మామయ్యా, పొర ఏర్పడిందే అప్పుడు" అని నవ్వింది.

సంగతేంటంటే, బుడగలు ముందు పగలకుండా, లోపలి నీళ్ళతో సహా అతుక్కుంటాయి. బాగా కిక్కిరిశాక పగలడం మొదలవుతుంది, నీళ్ళు బయటికి పోతాయి. తగ్గింది ఆ నీళ్ళ బరువే. 1998లో స్వీడన్‌లో కెల్లర్, కాసెమో అనే ఇద్దరు దీన్ని చూపించారు. వాళ్ళు ఫ్రీక్వెన్సీ ఒక్కటే నమ్ముకోలేదు. కంపనం ఎంత త్వరగా చల్లారుతోందో కూడా కొలిచారు. మెత్తటి బుడగలుంటే త్వరగా చల్లారుతుంది, పల్చటి పొరైతే అంతగా చల్లారదు. అన్నట్టు, అవే బుడగలు ఆక్సైడు పట్టిన బంగారం మీద పగలకుండా అలాగే ఉండిపోయాయి. తేడా బుడగల్లో లేదు, కింద ఉన్నదాంట్లో ఉంది.

ఇదంతా విన్నాక నాకో పాత అప్రైజల్ గుర్తొచ్చింది. మా టీమ్‌లో ఒకబ్బాయి నెలనెలా బోలెడు బగ్స్ క్లోజ్ చేసేవాడు. ఒకసారి వరసగా మూడు నెలలు ఆ లెక్క సగానికి పడిపోయింది. నేను ఆ ఒక్క నంబరూ చూసి రేటింగ్ తగ్గించేశాను. అడగను కూడా అడగలేదు. అతను మానేసి వెళ్ళాక తెలిసింది, ఆ మూడు నెలలూ కూర్చుని ఓ పాత మాడ్యూల్‌ని మొత్తం తిరగరాశాడని. ఆ తర్వాత దానిమీద కంప్లైంట్లు రావడమే మానేశాయి. ఆ రెండో కొలత నా మెషీన్‌లోనే ఉంది, నేనే చూళ్ళేదు.

మీరూ ఎవరికో ఒకరికి రేటింగ్ ఇచ్చేవాళ్ళే అయ్యుంటారు. గీత ఎదురు తిరిగినప్పుడు, పోయిందేంటో ఒక్కసారి మనిషినే అడగండి. పోయింది నీళ్ళే కావచ్చు.

అతని నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేసి తప్పు నాదేనని చెబ్దామనుకుంటూనే ఉన్నా, ఇంకా చెయ్యలేదు.