విరిగిన పాలు, అంటార్కిటికా ప్రొటీన్

మే నెలలో ఒక శనివారం మా ల్యాబ్‌లో కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. సోమవారం పొద్దున నేను తలుపు తీసేసరికి ఫ్రిజ్ లోపల కూడా బయట ఉన్నంత వేడి. నా మూడు వారాల కష్టం అందులోనే ఉంది. చిన్న ట్యూబ్‌లో, చూడ్డానికి ఉత్త నీళ్లలా ఉండే ప్రొటీన్.

"ఒక ట్యూబ్ వేరే బిల్డింగ్ ఫ్రీజర్‌లో దాచు" అని మేడమ్ ముందే చెప్పారు. రేపు చేద్దాంలే అనుకున్నా. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి ఇంకా ఇరవై రోజులే!

ఆ ప్రొటీన్ పేరు యూడీజీ. చలిని ఇష్టపడే బ్యాక్టీరియా జీన్‌తో తయారుచేశాం. డీఎన్‌ఏని పట్టుకుని, అందులో ఉండకూడని యురాసిల్ దొరికితే పీకేయడం దాని పని. టెస్ట్ చేసి చూస్తే పని సున్నా. విచిత్రం ఏంటంటే, పక్కనే ఉన్న మామూలు ఈ.కోలై బ్యాక్టీరియా యూడీజీ మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది!

ఎందుకిలా? చలిలో అణువుల కదలిక తగ్గిపోతుంది. ఆ చలిలోనూ పని జరగాలంటే ప్రొటీన్ కాస్త వదులుగా, ఇట్టే వంగేలా ఉండాలి. అందుకే చలి జీవుల ఎంజైముల్లో చాలావాటికి లోపలి బంధాలు తక్కువ. ఆ వదులుతనమే వేడిలో కొంప ముంచుతుంది. మడత విడిపోతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్లీ పచ్చిసొన అవుతుందా? ఇదీ అంతే.

అలాగని చలి జీవుల ప్రొటీన్లన్నీ ఇంత సుకుమారం అనుకోవద్దు. డీఎన్‌ఏని పట్టుకునేవాటిలో కొన్ని వేడిని బాగానే తట్టుకుంటాయి. ఒక్కోసారి తేడా ఎంత చిన్నదో తెలుసా? రెండు బాసిల్లస్ బ్యాక్టీరియాల కోల్డ్ షాక్ ప్రొటీన్లను పోలిస్తే, తేడా 12 చోట్లే. వాటిలో ముఖ్యంగా రెండు చోట్ల మార్పు వల్లే ఒకటి రెండోదానికంటే 20 డిగ్రీలకు పైగా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. మన హైదరాబాద్ సీసీఎంబీలో కూడా సున్నా డిగ్రీల్లో పెరిగే అంటార్కిటికా బ్యాక్టీరియా మీద ఏళ్లుగా పరిశోధనలు జరిగాయి.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశా. "పాడైపోయిందమ్మా, మొత్తం."

"పాలు విరిగినట్టా?"

"అలాంటిదే."

"విరిగితే పారబోస్తామేంటే? బెల్లం వేసి దగ్గరికి చేస్తాం కదా."

నవ్వొచ్చింది గానీ, నమ్మకం రాలేదు.

మర్నాడు మేడమ్ తిట్టలేదు. "నీ ప్రొటీన్ చచ్చింది, ఈ.కోలైది బతికింది. ఇది కూడా రిజల్టే. కానీ ఫ్రిజ్ చేసిన ప్రయోగాన్ని థీసిస్‌లో రాయలేం. నువ్వు సరిగ్గా చెయ్" అన్నారు. అప్పుడే ఇంకో మాట చెప్పారు. పీసీఆర్ టెస్టుల్లో పాత డీఎన్‌ఏ మరకల్ని శుభ్రం చేయడానికి యూడీజీ వాడతారు. పని అయ్యాక అది చచ్చిపోవాలి, లేకపోతే కొత్త డీఎన్‌ఏని కూడా కొరికేస్తుంది. ఈ.కోలైది ఎంత వేడిచేసినా మొండిగా కొంత మిగిలిపోతుంది. చలి బ్యాక్టీరియాది 50 డిగ్రీలకే సెలవు తీసుకుంటుంది. అంటే నేను లోపం అనుకున్నదాన్నే జనం డబ్బిచ్చి కొంటున్నారన్నమాట!

పది రోజులు నిద్ర మానేసి ప్రొటీన్ మళ్లీ తయారుచేశా. 20, 30, 40, 50 డిగ్రీల్లో పెట్టి కొలిచా. నా థీసిస్‌లో అందరూ ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆ గ్రాఫ్ గురించే.

ఈసారి మాత్రం ఒక ట్యూబ్ పక్క బిల్డింగ్ ఫ్రీజర్‌లో దాచా. తయారైన సాయంత్రమే.