గండికోటలో ఒక పేరు

కమానును గురించి పాఠంలో ఎంత చెప్పినా, దాని నీడలో నిలబడి తలెత్తి చూసినప్పుడు కలిగే అవగాహన వేరు. ఆ ఉద్దేశంతోనే మొన్నటి చలికాలంలో మా మదరసా విద్యార్థులను ప్రొద్దుటూరు నుండి గండికోటకు తీసుకువెళ్ళాను. జమ్మలమడుగులో అల్పాహారం ముగించుకొని, అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోటకు చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది.

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నా నది పారే లోయ అంచున ఉన్నదీ కోట. ఆ గండి వల్లనే దీనికా పేరు వచ్చింది. నది వైపున అగాధమే రక్షణ. తక్కిన దిక్కుల ఎర్రరాతి గోడలు, బురుజులు. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ దుర్గాన్ని 17వ శతాబ్ది మధ్యకాలంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశపరచుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే 1652లో ఆయనను కలుసుకొన్నది ఇక్కడే.

చార్మినారును చిన్నది చేసి నిలిపినట్లున్న పావురాల గోపురాన్ని చూసి పిల్లలు ముచ్చటపడ్డారు. జామియా మసీదు ఆవరణలో అడుగుపెట్టగానే మాటలు వాటంతట అవే తగ్గాయి. రెండు సన్నని మీనార్లు, వరుస కమానులు, నడుమ వుజూ కొలను. పక్కనే విశాలమైన ధాన్యాగారం. కొంత దూరంలో మాధవరాయ ఆలయ గోపురం.

"హజ్రత్, మసీదు పక్కన ధాన్యాగారం ఎందుకు?" అని ఒకడు అడిగాడు. "ముట్టడి వేళ కోటను నిలబెట్టేది గోడలే కాదు నాయనా, గింజలు కూడా" అన్నాను.

అంతలో మరొకడు ఇటుక ముక్కతో గోడపై తన పేరు రాస్తూ కనిపించాడు. గట్టిగా మందలించబోయి ఆగిపోయాను. నా విద్యార్థి దశలో ఇదే ధాన్యాగారం గోడపై నేను మేకుతో నా పేరు చెక్కాను. అందరినీ అక్కడికి తీసుకుపోయి వెదికాను. మొదటి రెండు ఉర్దూ అక్షరాలు ఇంకా ఉన్నాయి.

"ఇది ఎవరిది హజ్రత్?"

"నాదే" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇది పురావస్తు శాఖ రక్షణలోని కట్టడమని, చట్టం లేకపోయినా ఇది మనకు అమానతేనని చెప్పాను. ఈ కమానులు నిలిపిన మేస్త్రీల పేర్లు మనకు తెలియవు. వారి పని మాత్రం కళ్ళెదుట ఉంది. నేను వదిలివెళ్ళినది ఒక గాయం. కాపలాదారు అనుమతితో ఆ అబ్బాయి తన రాతను తడిగుడ్డతో మెల్లగా తుడిచాడు. అది పోయింది. నాది పోలేదు.

జుహర్ నమాజు వేళకు జమ్మలమడుగు చేరుకున్నాము. దారిలో ఆ అబ్బాయి నా పక్కనే కూర్చున్నాడు. "వచ్చే ఏడు కొత్త పిల్లలకు కూడా మీ పేరు చూపించండి హజ్రత్" అన్నాడు. చూపిస్తానని మాట ఇచ్చాను.