మరుసటి రోజే ఇంటికి పంపారు

తుంటి కీలు మార్పిడి అనే మాట వినగానే మన ఇళ్ళలోని పెద్దలు రెండు విషయాలకు భయపడతారు. ఒకటి ఖర్చు. దాని గురించి అందరూ మాట్లాడతారు. రెండవది పైకి చెప్పుకోని భయం: ఇక బ్రతికినంతకాలం నుదురు నేలకు ఆన్చి సజ్దా చేసే భాగ్యం ఉండదేమోనని. మా అమ్మీ ఈ రెండవ భయంతోనే మూడేళ్ళపాటు శస్త్రచికిత్సను వాయిదా వేశారు. నడుం పట్టుకుని, గోడ పట్టుకుని, ఒక్కో రకాతుకు కన్నీళ్ళు పెట్టుకుంటూ జానమాజు మీదే నమాజు చేశారు. చివరి ఏడాది రుకూ నుండి సజ్దాలోకి వెళ్ళేసరికి ఆమె ముఖం పాలిపోయేది.

మేము ముగ్గురు తోబుట్టువులం. పటాన్‌చెరు దాటాక వచ్చే ఇస్నాపూర్‌లో మా నివాసం. అన్నదమ్ములిద్దరికీ పాశమైలారం పారిశ్రామికవాడలో షిఫ్టుల ఉద్యోగం. సోదరి సంగారెడ్డిలో కాపురముంటోంది. ఈ వివరం ఎందుకంటే, నేడు ఆసుపత్రులు తుంటి మార్పిడి రోగిని పది, పదిహేను రోజులు ఉంచుకోవు. మంగళవారం ఉదయం అమ్మీకి ఆపరేషన్ జరిగింది. ఆ సాయంత్రమే వాకర్ ఇచ్చి నాలుగడుగులు వేయించారు. బుధవారం మధ్యాహ్నం ఇంటికి వెళ్ళమన్నారు. ఆసుపత్రి చేయవలసిన సేవలో ముప్పాతిక భాగం ఇప్పుడు ఇంటివారి చేతుల్లోకి వచ్చింది. ఆ ఇంట్లో ఎవరు ఏ షిఫ్టులో ఉంటారన్నది వైద్యంలో భాగమైపోయింది.

తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. ఆ రెంటి మధ్య ఉండే నునుపైన మృదులాస్థి అరిగిపోతే ఎముకకు ఎముక రాసుకుంటుంది. ఈ నొప్పి చాలామందికి గజ్జల్లోనూ మోకాలిలోనూ తెలుస్తుంది కనుక మోకాలికి తైలం రుద్దుకుంటూ ఏళ్ళు గడిపేవారున్నారు. ఇది ముసలివారి జబ్బు మాత్రమే కాదు. ఎముక తలకు రక్తప్రసరణ ఆగి అది చచ్చుబడిపోయే వ్యాధి యువకులకూ వస్తుంది. గట్టి దెబ్బ తగలటం, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడటం, మద్యపానం దానికి తెలిసిన కారణాలు. ఆసుపత్రి వరండాలో మా అమ్మీ పక్కన ముప్పై ఏళ్ళు నిండని కార్మికులు కూర్చుని ఉండటం మేము చూశాము.

అమ్మీ మనసు మార్చింది వైద్యుడు కాదు, మా మసీదు ఇమాము గారు. ఆయన ఆమెకు ఇద్దరు సహాబాల సంగతి చెప్పారు. మొలల వ్యాధితో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) నమాజు గురించి అడిగితే, దైవప్రవక్త (స) నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి పడుకుని చేయమని బోధించారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. రెండవవారు అర్ఫజా బిన్ అస్అద్ (రజి). అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన వేసింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. పురుషులకు బంగారం నిషిద్ధమైన ధర్మంలోనే, ఒక మనిషి అవసరం కోసం ఆ అనుమతి లభించింది. “లోహపు ముక్కుతో సహాబీ నమాజు చేశారు. లోహపు కీలుతో మీరు చేస్తే తప్పేమిటమ్మా?” అని ఇమాము గారు అడిగారు. అమ్మీ వెంటనే ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత ఈఎస్ఐ కార్డు ఎక్కడుందని అడిగారు.

ఆ కార్డు గురించి ఒక్క మాట. ఈఎస్ఐ పరిధిలోని కార్మికునిపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం లభిస్తుంది. అయినా వారి పేర్లు నమోదు చేయించని కార్మికులు మా వాడలో ఎంతోమంది. జబ్బు వచ్చాక కార్యాలయం చుట్టూ తిరగటం కంటే ఈ వారమే ఆ పని చేసుకోవటం మేలు.

1962లో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు లోహపు బంతికి గట్టి ప్లాస్టిక్ గిన్నెను జతచేసి, ఎముకలో సిమెంటుతో బిగించి నేటి పద్ధతికి పునాది వేశాడు. ఆ రోజుల్లో రోగి వారాల తరబడి మంచం మీదే. ఇప్పుడు నడుముకు ఇచ్చే మత్తు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం, నొప్పిని రకరకాల మందులతో ముందే అదుపు చేయటం, అదే రోజు నడిపించటం, ఇవన్నీ కలిసి ఆ కాలాన్ని గంటలకు కుదించాయి. అమెరికాలో మెడికేర్ పథకం 2020 నుండి ఈ శస్త్రచికిత్సను ఆసుపత్రిలో చేర్చుకోకుండానే చేసేందుకు అంగీకరించింది. అయితే మధుమేహం అదుపులో లేనివారికి, గుండె జబ్బు ఉన్నవారికి, ఇంట్లో చూసుకునే మనిషి లేనివారికి ఈ తొందర పనికిరాదు. అమ్మీకి చక్కెర అదుపులోకి వచ్చేవరకు ఆపరేషన్ తేదీ ఇవ్వలేదు. అది న్యాయమే.

అసలు పని ఆపరేషన్‌కు వారం ముందు మా ఇంట్లో మొదలైంది. వైద్యుడు చెప్పిన నియమం చిన్నదే: మొదటి ఆరు వారాలు తుంటి దగ్గర 90 డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ఆ కాలిని లోపలికి తిప్పకూడదు. లేకపోతే బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు. కానీ మన బ్రతుకంతా నేల మీదనే కదా! దస్తర్‌ఖాన్ నేల మీద, కూరగాయలు తరగటం నేల మీద, మరుగుదొడ్డి నేలబారున. మంచం కోళ్ళ కింద ఇటుకలు పేర్చాము. కమోడ్ కుర్చీ కొన్నాము. స్నానాల గది గడప దగ్గర చెక్క వాలు వేయించాము. ఖురాన్ షరీఫ్‌ను, మందుల డబ్బాను, నీళ్ళ చెంబును ఆమె వంగనవసరం లేని ఎత్తులో సర్దాము. జారిపడేలా ఉన్న చాపలన్నీ తీసివేశాము. ఇంటికి తెచ్చేటప్పుడు కారు ముందు సీటును వెనక్కి జరిపి, దిండు వేసి కూర్చోబెట్టాము. మా దారిలో తిరిగే షేర్ ఆటోల సీటు ఆమెకు నిషిద్ధమే.

మొదటి రాత్రి ఎవరమూ నిద్రపోలేదు. పక్కకు తిరిగితే కాళ్ళ మధ్య దిండు ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు వేళకు వేయాలి. పాదాలను గంటగంటకూ పైకీ కిందికీ ఆడించాలి. జ్వరం, గాయం నుండి చీము, పిక్క వాపు, ఆయాసం, కాలు హఠాత్తుగా పొట్టిగా కనబడటం, వీటిలో ఏది వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఆ జాబితాను గోడకు అంటించాము. అల్లాహ్ దయవల్ల దాని అవసరం రాలేదు.

ఆమె వంగి పాదాలు కడుక్కోలేరు. వుజూలో ఆ పని ఎవరు చేయాలి? సోదరి ఉన్న రోజుల్లో ఆమె చేసింది. ఆమె సంగారెడ్డి వెళ్ళాక రాత్రి షిఫ్టు దిగి వచ్చిన వారు ఫజ్ర్‌కు, పగటి షిఫ్టు నుండి వచ్చినవారు మగ్రిబ్‌కు, ఇషాకు ఆమె పాదాలు కడిగాము. మొదట అమ్మీ సిగ్గుపడి కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. నాలుగో రోజుకు, “మడమ దగ్గర తడవలేదు బేటా” అని సరిదిద్దటం మొదలుపెట్టారు. సేవ ఆడవారి పని అనుకునే ఇళ్ళకు ఇంత తొందరగా ఇంటికి పంపే వైద్యం పెద్ద పరీక్షే.

కుర్చీ నమాజులో మేము ఊహించని చిక్కు ఒకటి ఎదురైంది. కుర్చీలో కూర్చోగానే తుంటి దాదాపు 90 డిగ్రీలకు వస్తుంది. అక్కడినుండి సజ్దా కోసం నడుం వంచితే హద్దు దాటినట్లే. అందుకే ఎత్తైన కుర్చీ మీద మందపాటి దిండు వేశాము. ఇమాము గారు చెప్పినట్లు వాకర్ పట్టుకుని నిలబడగలిగినంతసేపు ఖియామ్ నిలబడి, రుకూకు తల కొద్దిగా, సజ్దాకు మరికొంత ఎక్కువగా వంచి సైగతో నెరవేర్చారు. దిండు ఎత్తి నుదుటికి ఆన్చుకోవాలా అని ఆమె అడిగారు. ఒక రోగి అలా చేస్తే దైవప్రవక్త (స) ఆ దిండును తీసివేసి సైగ చేయమన్నారని ఆయన తెలిపారు. మసీదులో కుర్చీ వేసుకున్నవారిని చిన్నచూపు చూసేవారికి ఈ సంగతులు తెలియాలి. హాయిగా నేల మీద కూర్చోగలిగి కూడా కుర్చీ లాక్కునేవారి సంగతి వేరు.

పరామర్శకు వచ్చినవారి గురించి రాయకుండా ఉండలేము. రోగిని చూడటం పుణ్యకార్యం, సందేహం లేదు. కానీ గంటన్నర కూర్చుని, ఫలానా వారికి కీలు వికటించిందని వర్ణించి, “ఒక్కసారి కిందికి దిగి మాతో కలిసి తినండి ఆపా” అని బలవంతపెట్టేవారికి ఏమి చెప్పాలి? మా చెల్లెలు తలుపు దగ్గరే నవ్వుతూ, “పది నిమిషాలే ఖాలా, దువా చేసి వెళ్ళండి” అనేది.

రెండు వారాలకు కుట్లు తీశారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు అని నేర్పారు. ఆరు వారాలకు వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. అమర్చిన కీలు తయారీ సంస్థ, క్రమసంఖ్య ఉండే స్టిక్కరును మేము భద్రంగా దాచాము. 2010లో ఏఎస్ఆర్ అనే రకం తుంటి కీళ్ళను ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నప్పుడు తమ ఒంట్లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవటానికి ఈ కాగితమే ఆధారమైంది.

మూడు నెలల పరీక్షలో అమ్మీ తన ప్రశ్న తానే అడిగారు: నేల మీద సజ్దా ఎప్పుడు? వైద్యుడు ఎక్స్‌రే చూసి, కీలు చక్కగా కుదురుకుందని, అయితే నేల మీద కూర్చోవటం, అంత లోతుగా వంగటం తన అభిప్రాయంలో వద్దని మెల్లగా చెప్పారు. దీనిపై వైద్యులందరి మాట ఒకటి కాదు. వాడిన పద్ధతిని బట్టి, రోగిని బట్టి మారుతుంది. ఆమెకు మాత్రం జవాబు అది. ముత్తంగి దాటేవరకు అమ్మీ కారులో మాట్లాడలేదు. తర్వాత, “ఇమ్రాన్ (రజి) ఎన్నాళ్ళు జబ్బుతో ఉన్నారు?” అని అడిగారు. చాలా ఏళ్ళని చదివామన్నాము. “అయితే త్వరగా పోనివ్వు. అస్ర్ వేళవుతోంది” అన్నారు.

వాకర్, కమోడ్ కుర్చీ ఇప్పుడు మా వీధి చివరి గదిలో ఉన్నాయి. ఒడిశా నుండి వచ్చిన ఒక కార్మికునికి వచ్చే వారం ఆపరేషన్. అతని గదికి రెండు మెట్లు, మరుగుదొడ్డి ఆరుబయట. ఆదివారం టేపు పట్టుకుని వెళ్ళి తలుపు వెడల్పు కొలిచాము. వాకర్ పట్టదు. రెక్క ఊడదీయటానికి ఇంటి యజమానిని అడగాలి.