వెళ్లిందెక్కడికి, తిరిగొచ్చిందెక్కడికి?

2011 డిసెంబరులో తమిళంలో 'ఒస్తి' సినిమా వచ్చింది. హిందీ 'దబంగ్'కి రీమేక్. తమన్ చేసిన 'కలాసల' పాటలో టి. రాజేందర్‌తో పాటు ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు వినిపించింది. 1939లో పుట్టిన ఆమె అప్పటికి డెబ్భై దాటారు. పాట మారుమోగింది. ఈశ్వరి తిరిగొచ్చారని, గొంతులో వయసే తెలియడం లేదని మెచ్చుకున్నారు. నాకూ సంతోషమేసింది. కానీ తిరిగి రావాలంటే ముందు వెళ్లి ఉండాలి కదా! ఆమె వెళ్లిందెక్కడికి? పంపిందెవరు?

మాది విజయనగరం. పి. సుశీల పుట్టి, మహారాజా సంగీత కళాశాలలో పాఠం నేర్చుకున్న ఊరు. మా ఇంట్లో సుశీల పాటకి రేడియో గొంతు పెరిగేది, ఈశ్వరి పాటకి తగ్గేది. చుట్టాలొస్తే సుశీల పాట పాడమని నిలబెట్టేవారు. 'మాయదారి సిన్నోడు' కూనిరాగం తీస్తే అమ్మ కళ్లతోనే నోరు మూయించేది. అదే పాట అమ్మవారి పండగకి రికార్డింగ్ డాన్సులో మోగితే మగాళ్లు ఈలలేసేవారు. వాళ్ల నోరెవరూ మూయించలేదు.

ఇంటి ఆడదానికొక గొంతు, వీధి ఆడదానికొక గొంతు. 1971 నాటి 'ప్రేమనగర్'లోనే చూడండి. నాయిక ప్రేమకి సుశీల, 'లేలే నా రాజా'కి ఈశ్వరి. సినిమా చేసిన ఈ పంపకాన్ని మా ఇళ్లు శ్రద్ధగా అమలు చేశాయి. దీనివల్ల సుశీలకీ నష్టమే. ఆమెనేమో పవిత్రతకి కట్టేశారు. ఈ గీత ఒక్కోసారి చెరిగింది కూడా. విశాఖ, భీమిలి తీరాల్లో తీసిన 'మరో చరిత్ర'లో (1978) 'భలే భలే మగాడివోయ్' నాయిక సరిత కోసం ఈశ్వరి పాడిందే. కోరిక చెప్పుకున్నా ఆ పిల్ల చెడ్డదైపోలేదు.

తర్వాత నాయికలే ఆ తరహా నృత్యాలు చెయ్యడం మొదలయ్యాక 'క్లబ్ పాట'కి వేరే గొంతు అవసరం తగ్గింది. ఈశ్వరి తమిళంలో అమ్మవారి భక్తి పాటలు పాడారు. ఆషాఢంలో తమిళనాడు గుళ్ల మైకుల్లో ఆ గొంతే మోగుతుంది. ఆ మైకుల కింద నిలబడే ఆడవాళ్లకి ఆమె ఎప్పుడూ వెళ్లిపోలేదు. సినిమా తలుపు తెరుచుకుంటేనే 'పునరాగమనం' అంటున్నాం. ఒకే గొంతుని ఒకసారి వాంఛగా, ఒకసారి దేవతగా విన్నాం. ఈ రెంటి మధ్య బతికే మామూలు మనిషికి ఏ పాటా ఇవ్వలేదు.

2011లోనూ తెరుచుకున్నది పాత గదే. పోలీసు హీరో సినిమాలో ఐటం పాట, తెర మీద మల్లికా షెరావత్ శరీరం. వయసు తెలియకపోవడమే ఘనత అయినప్పుడు, ఆ వయసు ఏం పాడగలదని ఎవరడుగుతారు?

పాటల చరిత్ర రాస్తున్న మనం భానుమతికీ సుశీలకీ జానకికీ పేజీలిచ్చి, ఈశ్వరిని 'హుషారు పాటలు' అన్న ఒక్క వాక్యంలో సర్దేస్తున్నాం. ఆ వాక్యాన్ని విప్పి రాయడం మన పని. రేడియో గొంతు తగ్గించిన ఇళ్ల గురించి కూడా అందులో రాయాలి.