డ్రైవర్ జీతం గడి

2020 ఏప్రిల్‌లో మా మావయ్య లారీని ఎక్సెల్‌లోకి ఎక్కించాను.

లాక్‌డౌన్ మొదలై అప్పటికి మూడు వారాలు. గుంటూరు మిర్చి యార్డు మూతపడింది. మావయ్య పది టైర్ల లారీ నందిగామలో ఇంటి పక్క ఖాళీ స్థలంలో పట్టా కప్పుకుని నిలబడి ఉంది. ఆరు నెలల పాటు కిస్తీలు వాయిదా వేసుకోవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పడం రెండు విడతల్లో జరిగింది. మార్చి 27న మొదటి మూడు నెలలు, మే 22న ఇంకో మూడు. మొదటి విడత కబురు రాగానే మావయ్య ఫోన్ చేశాడు. "అల్లుడూ, కట్టకపోయినా పర్లేదంటున్నారు. ఇందులో మెలిక ఎక్కడుందో చూసి చెప్పు."

మెలిక వడ్డీలో ఉంది. తీర్చాల్సిన అప్పు 9 లక్షలు, వడ్డీ 14 శాతం. ఆరు నెలలు ఆగితే ఒక్క వడ్డీయే 63 వేలు. ఆ మాట చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ నాకు చేతినిండా ఖాళీ ఉంది, చేతికింద ల్యాప్‌టాప్ ఉంది. "అసలు లారీ మీద నీకు ఎంత మిగులుతోంది మావయ్యా?" అని అడిగాను. కాసేపు ఆగి, "మిగిల్తే కదా తెలిసేది," అన్నాడు.

మావయ్య దగ్గర డైరీలు ఉంటాయి. ప్రతి జనవరిలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల వాళ్ళు ఊరికే పంచే రెగ్జీన్ అట్ట డైరీలు. ప్రతి ట్రిప్పూ అందులో ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటోలు తీసి పంపమన్నాను. 2020 ఫిబ్రవరిలో ఒక ట్రిప్పు ఇలా ఉంది: గుంటూరు నుంచి వాశీకి మిర్చి, కిరాయి 42,000. తిరుగు లోడు ఉల్లిపాయలు, 30,000. మొత్తం 72,000. ఖర్చులు: డీజిల్ 34,000, టోలు 8,000, బ్రోకర్ కమీషన్ 2,500, హమాలీ, కాటా, దారిలో మామూళ్ళు కలిపి 3,000, తిండి 2,500. చివర్లో "టై." అని 3,900.

"టై. అంటే ఏంటి?"

"టైర్లు. కిలోమీటరుకి రెండు రూపాయలు పక్కన పెట్టాలి. అది మన డబ్బు కాదు, టైర్లది."

అంటే ట్రిప్పుకి 18,100 మిగులు. లోడు కోసం ఎదురుచూసే రోజులు కలుపుకుంటే నెలకి మూడు ట్రిప్పులు, 54,300. అందులో కిస్తీ 31,000. ఇన్సూరెన్సు, క్వార్టర్ టాక్సు, ఎఫ్.సి., రిపేర్లకి నెలవారీగా వేసుకుంటే 12,000. చివరికి మిగిలేది 11,300. షీటు అందంగా వచ్చింది. అప్పుడు నాకొక లోపం కనపడింది. డ్రైవర్ జీతం అనే గడి లేదు. ఒక వరస చేర్చి 25,000 అని వేశాను. కింద అంకె ఎర్రగా మారిపోయింది. మైనస్ 13,700.

నా రిపోర్టు నేను ఫోన్లో చదివి వినిపించాను. లారీ నష్టాల్లో ఉంది, అమ్మేయ్, వేరేవాళ్ళ బండి నడిపినా నీకు ఇంతకంటే ఎక్కువ వస్తుంది అన్నాను. మావయ్య అంతా విని, "ఆ జీతం గడి తీసెయ్ రా. అది పెడితే ఈ దేశంలో ఒంటి లారీ ఒక్కటీ కదలదు," అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ నాలుగైదేళ్ళుగా సినిమాల మీద రాస్తున్నాను కాబట్టి ఒకటి గమనించాను. మన సినిమాల్లో లారీ ఎప్పుడూ పక్కనుంచి వస్తుంది. కారులో నవ్వుతూ వెళ్తున్న కుటుంబాన్ని గుద్దడానికి. లోపల ఉన్నది విలన్ మనిషో తాగుబోతో. ఆ లారీకి కిస్తీ ఉందా, తిరుగు లోడు దొరికిందా అనేది ఏ కథకీ అక్కర్లేదు. నేనూ అంతే. లారీ డబ్బుల మీద పెరిగి కూడా, లారీ అంటే కిటికీలోంచి కనపడే రోడ్డు అనుకున్నవాణ్ణి.

మావయ్య ఎలా నెట్టుకొస్తాడో ఆ సెప్టెంబరులో వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో నందిగామ వెళ్ళినప్పుడు తెలిసింది. క్లీనర్ని ఎప్పుడో మానిపించాడు. తాడు కట్టడం, పట్టా కప్పడం తనే. కొత్త టైర్లు ముందు ఇరుసుకి మాత్రమే. అవి అరిగాక వెనక్కి వెళ్తాయి, తర్వాత రీబటన్ చేయించి ఇంకో జీవితం. డీజిల్ జహీరాబాద్ దాటేదాకా సరిపడా పోయించి, కర్ణాటకలో రేటు తక్కువ కాబట్టి హుమ్నాబాద్ దగ్గర టాంకు నింపుతాడు. హైదరాబాద్ నుంచి పుణె వెళ్ళే రోడ్డు ఆ ముక్క మీదుగానే పోతుంది. తిరుగు లోడు రేటు ఎంత తక్కువైనా డీజిల్, టోలు వస్తే చాలు, ఎత్తుకుంటాడు. ఖాళీగా రావడం కంటే నష్టం లేదంటాడు. వాశీలో ఎంత ఆగాలో కూడా ఒక లెక్క ఉంది: రెండు రాత్రులు. మూడో రోజు ఏ లోడు దొరికితే అది. ఎందుకంటే నిలబడ్డ లారీకి కూడా కిస్తీ నడుస్తూనే ఉంటుంది.

ఊళ్ళో ఆరుగురు సొంత లారీల వాళ్ళు కలిసి చీటీ వేసుకుంటారు. మామూలు చీటీలో పాడుకున్నవాడికి డబ్బు. ఇందులో పాట లేదు. ఎవరి ఇంజన్ పని వస్తే వాళ్ళకి ముందు. ఇద్దరికి ఒకేసారి వస్తే ఎవరి కిస్తీ తేదీ దగ్గరుంటే వాళ్ళకి. వినగానే నాకు ఎంత ముచ్చటేసిందో. మావయ్య మాత్రం, "ముచ్చటేం లేదు. ఒకడి బండి సీజింగ్ వాళ్ళు ఎత్తుకుపోతే చీటీ ఐదుగురిది అవుద్ది, అందుకే," అన్నాడు.

ఇన్ని చేసినా ఎందుకు చాలదో కూడా ఆయనే చెప్పాడు. ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నది 2018 ఏప్రిల్‌లో. జూలైలో కేంద్రం యాక్సిల్ లోడు పరిమితి పెంచింది. పది టైర్ల లారీకి సరుకుతో కలిపి 25 టన్నులు ఉండేది 28.5 అయింది. ఎక్కువ మోస్తే ఎక్కువ వస్తుంది కదా అన్నాను. "అందరూ ఎక్కువ మోస్తారు కదరా. సరుకు పెరగలా. మోసే జాగా పెరిగింది. టన్ను రేటు పడిపోయింది," అన్నాడు. పదో తరగతి తప్పిన మనిషి సప్లై, డిమాండ్లని నాకు నాలుగు వాక్యాల్లో చెప్పాడు. వందల లారీలున్న కంపెనీ ఫ్యాక్టరీతో నేరుగా ఒప్పందం రాసుకుంటుంది, టైర్లు టోకున కొంటుంది. ఒంటి లారీ బ్రోకర్ దగ్గర బెంచీ మీద కూర్చుని, అడ్వాన్సు తీసుకుని, బ్యాలెన్సు కోసం రసీదు పంపి నెలరోజులు ఎదురుచూస్తుంది. కాబట్టి ఒంటి లారీ దగ్గర తగ్గించుకోవడానికి చివరికి మిగిలేది ఒకటే: నడిపేవాడి కూలి, నడిపేవాడి నిద్ర.

ఆ వారం పాత డైరీలు కూడా ఎక్కించడం మొదలుపెట్టాను. చేతిలో పనుంటే మాట్లాడాల్సిన అవసరం ఉండదు కదా. 2008 డైరీ ఆకుపచ్చ అట్టది. అప్పుడు ఇది కాదు, పాత ఆరు టైర్ల బండి. ఆగస్టు పేజీలో మావయ్య గుండ్రటి అక్షరాలు: "టై. నుంచి 28,000. అల్లుడి ఫీజు."

నేను అప్పుడు ఇంజినీరింగ్ నాలుగో సంవత్సరం. నాన్న పనిచేసే ప్రైవేటు స్కూల్లో ఆ ఏడు జీతాలు సరిగా ఇవ్వలేదు. ఫీజు మావయ్య కట్టాడని తెలుసు. "లారీవాళ్ళకి చేతిలో డబ్బు ఆడుతుంది" అనే ధైర్యంతో ఇంట్లో ఎవరం దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. నేను అసలే ఆలోచించలేదు.

పేజీలు తిప్పాను. అక్టోబరులో ఇంకో లైను: "సోలాపూర్ ఇవతల ముందు ఎడమ టైరు పేలింది. బండి పొలంలోకి దిగింది. దేవుడి దయ. 3 రోజులు."

ముందు టైరు. మావయ్య ఎప్పుడూ కొత్తదే వేసే చోటు.

డైరీ పట్టుకుని బయటికి వెళ్ళాను. ఆయన లారీ కింద పడుకుని కమాన్ కట్టలకి గ్రీజు పెడుతున్నాడు. కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. "మావయ్యా, 2008లో సోలాపూర్ దగ్గర ఏమైంది?" అన్నాను. గ్రీజు చప్పుడు ఆగింది. "టైరు పోయింది," అన్నాడు. "అది నా ఫీజు డబ్బు కదా?" కింద నుంచే జవాబు వచ్చింది. "ఫీజు ముందొచ్చింది, టైరు తర్వాతొచ్చింది. లారీ లెక్కలో ముందొచ్చినదానికి ముందు."

అంతకుమించి ఆయన దాని గురించి మాట్లాడలేదు. సాయంత్రం నా గదిలో కూర్చుని షీటు తెరిచాను. ఏప్రిల్‌లో ఎంత ధీమాగా "నష్టం" అని చెప్పానో గుర్తొచ్చింది. అంకెలు తప్పు కావు, ఇప్పుడు వేసినా మైనస్సే వస్తుంది. తప్పు ఏంటంటే, ఆ 25,000 ఎవరికీ ఇవ్వని డబ్బు అనుకున్నాను. అది ఎప్పటికప్పుడు ఎవరికో ఒకరికి వెళ్తూనే ఉంది. కొంత తక్కువ కిరాయికి సరుకు దొరికిన వ్యాపారికి, కొంత ఫైనాన్సుకి, ఒక ఏడాది నాకు. ఇచ్చినవాడి పేరు రాయడానికి మాత్రం ఏ పుస్తకంలోనూ గడి లేదు.

దీన్ని త్యాగం అంటే మావయ్యకి కోపం వస్తుంది. నాకూ ఆ మాట మీద నమ్మకం లేదు. త్యాగం అనగానే రేటు పెంచాల్సిన పని ఎవరికీ ఉండదు.

మారటోరియం ఆయన మూడు నెలలే తీసుకున్నాడు. తర్వాత జగ్గయ్యపేట సిమెంటు, దగ్గర్లో ఏ లోడు దొరికితే అది తోలి కట్టుకుంటూ వచ్చాడు. అప్పు 2023 చివర్లో తీరింది. లారీ అమ్మలేదు. ఇప్పుడు వాశీ వెళ్ళడం తగ్గించాడు, మోకాళ్ళు సహకరించడం లేదు. డబ్బులు పంపిస్తానంటే ఒప్పుకోడు. పోయిన సంక్రాంతికి మాత్రం విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళి ముందుకి రెండు కొత్త టైర్లు కొనిచ్చాను. వద్దనలేదు. షాపువాడితో రేటు గురించి అరగంట గొడవ పడ్డాడు, నా డబ్బయినా సరే.

రాత్రి డైరీ చూశాను. "టై. జమ, అల్లుడు" అని ఉంది. పక్కన ధర, దాని పక్కన 2008 నాటి 28,000 రాసి కొట్టేసి ఉంది. వడ్డీ వేయలేదు. నేను వేశాను, 14 శాతం చొప్పున. ఆ అంకె ఆయనకి చెప్పలేదు.

ఎక్సెల్ ఫైలు ఇంకా నా దగ్గర ఉంది. ఆయన చెప్పినట్టు జీతం గడి తీసేయలేదు. అందులో అంకె కూడా వేయలేదు.