చింపిరి జుట్టు కాదమ్మా, అలల జుట్టు!

“ఆ చింపిరి జుట్టేంటే? కాస్త నూనె రాసుకుని జడేసుకో.” సెలవుకి ఇంటికెళ్లి గుమ్మం దాటిన ప్రతిసారీ అమ్మ అనే మాట. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఆ మాట మాత్రం మారలేదు.

నాది సాఫు జుట్టు కాదు, అలాగని రింగులూ కాదు. చెవుల దగ్గర్నుంచి మెలికలు తిరిగి, వాన పడితే ఉబ్బిపోయే రకం. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో క్యాంపస్ ఇంటర్వ్యూలకి ‘నీట్‌గా’ ఉండాలని పార్లర్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నా. ఆరు వేలు. అమ్మ పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బు. కొన్ని నెలలు పట్టుకుచ్చులా మెరిసింది. తర్వాత పైన పాత మెలికలు, కింద ఎండు గడ్డి! దువ్వెన పెడితే చాలు, పుటుక్కున తెగేది. ఆ మందు వెంట్రుక లోపలి బంధాల్ని తెంచి, సాఫుగా మళ్లీ అతికిస్తుందట. ఆ క్రమంలో వెంట్రుక బలం తగ్గుతుంది. చివరికి మెడ వరకూ కత్తిరించాల్సొచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

2020 లాక్‌డౌన్‌లో రింగుల జుట్టువాళ్ల వీడియోలు చూసి, వాళ్లలాగే చిక్కటి క్రీములు పట్టించా. ఉన్న నాలుగు మెలికలూ జిడ్డుకి చతికిలపడ్డాయి. అప్పుడు కనిపించింది ఓప్రా విన్‌ఫ్రే హెయిర్ స్టైలిస్ట్ ఆండ్రే వాకర్ 1990ల్లో చేసిన వర్గీకరణ. 1 సాఫు, 2 అలలు, 3 రింగులు, 4 బాగా బిగుతు చుట్లు. రెండులో మళ్లీ ఎ, బి, సి. పైన చదునుగా ఉండి, సగం నుంచి ఎస్ అక్షరంలా తిరిగే నాది 2బి. నేను చేస్తున్నదంతా 3వ రకం సేవ! వేరే వెర్షన్ కోడ్ తెచ్చి అతికించినట్టే.

అలల జుట్టుకి బరువు పడదు. కండిషనర్ చివర్లకే, తడి మీదే పెద్ద పళ్ల దువ్వెన, తర్వాత కొంచెం జెల్ రాసి కింద నుంచి పైకి పిడికిట్లో ఒత్తడం. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో అద్దుకోవాలి. ఆరాక దువ్వామా, పడ్డ శ్రమంతా పోయినట్టే. తడిసినప్పుడు వెంట్రుకలో కొన్ని బంధాలు విడిపోయి, ఆరేటప్పుడు మళ్లీ కలుస్తాయి. ఏ ఆకారంలో ఆరితే అలా నిలుస్తుంది, మళ్లీ తడి తగిలేదాకా. అయితే ఈ అక్షరాలే సర్వస్వం అనుకోకండి. నా రూమ్మేటుదీ 2బినే, కానీ వెంట్రుక సన్నం. నేను వాడే జెల్‌లో సగం కూడా తను మోయలేదు. ఇక మా హాస్టల్ బోరు నీళ్ల ఉప్పుకి ఏ క్రీమూ ఆగదు. ఆఖరి చెంబు మాత్రం ఫిల్టర్ నీళ్లు పోసుకుంటా. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు.

మొన్న సంక్రాంతికి అమ్మ కుంకుడుకాయలతో తలంటుకుని, ఎప్పట్లాగే తడి జుట్టుకి కొసముడి వేయబోయింది. ఆపి చూద్దును కదా, కుదుళ్ల నుంచే అలలు! నాకంటే ఒత్తుగా, 2సి. ఇన్నేళ్లూ ఆ ముడిలోనే ఆరిపోయేవి. “పెళ్లైన కొత్తలో మీ నానమ్మ, ఆ విరబోసుకోవడమేంటి అంది. అప్పట్నుంచి ముడే” అంది మామూలుగా.

పెరట్లో కూర్చోబెట్టి, కండిషనర్ రాసి కడిగి, జెల్ ఒత్తి, నా టీషర్టుతో అద్దా. ఎండలో గంట పట్టింది ఆరడానికి. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. “బానే ఉందే” అంది. మరు నిమిషమే “ఇలా వాకిట్లోకి ఎలా వెళ్తానే” అంటూ ముడి వేసేసింది.

నిన్న ఆదివారం ఫోన్ చేసింది. “ఆ తెల్ల డబ్బా అయిపోవచ్చింది, ఇంకోటి పంపు. రేటు మాత్రం మీ నాన్నకి చెప్పకు.”