అవిసె గింజల పాఠం

పాఠాలు చెప్పటం వృత్తిగా పెట్టుకున్నవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. కాలేజీలో గంట కొట్టినా అతని పాఠం ఆగదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెబుతాడు. కంచం ముందు కూర్చుని చెబుతాడు. వినేవాళ్ళు విద్యార్థులయితే ఫరవాలేదు, వాళ్ళు ఒక చెవితో విని రెండో చెవితో వదిలేస్తారు. ఇంట్లోవాళ్ళు నిజంగా వింటేనే వస్తుంది చిక్కు. మా అమ్మ విన్నది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మాది గిలకలదిండి. బందరును ఆనుకుని ఉన్న చేపల రేవు. మా నాన్న ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ వేటకు వెళ్ళాడు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు. తెల్లవారుజామున పడవలు రేవుకొస్తే ఐసు కొట్టే చప్పుడూ, పాట పాడే కేకలూ మా ఇంటిదాకా వినిపిస్తాయి. ఇన్ని చేపల మధ్య బతికే ఇంట్లో చేప ముట్టని మనిషి ఒక్కతే, మా అమ్మ.

ఆవిడ పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక అవతల. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి ఆవిడకు పద్ధెనిమిదేళ్ళు. పెళ్ళయి గిలకలదిండి వచ్చి ఏడాది కాలేదు. వేలమందిని మింగిన ఆ ఉప్పెనలో ఆవిడ అన్నయ్య పోయాడు. మనిషి దొరకలేదు. అప్పటినుంచి అమ్మ చేప తినటం మానేసింది. ఎందుకు మానేసిందో ఆవిడ నోరు విప్పి చెప్పలేదు, మేమూ అడగలేదు. వండటం మాత్రం మానలేదు. పులుసు దించేముందు అందరిలా చెంచాతో నాలిక మీద వేసుకుని ఉప్పు చూడదు. అయినా ఆవిడ చేతి పులుసులో ఏనాడూ ఉప్పు తప్పలేదు.

మూడేళ్ళ క్రితం అమ్మకు గుండెపోటు వచ్చింది. రక్తనాళంలో స్టెంటు వేశారు. ఇంటికి పంపేరోజున డాక్టరుగారు మందులచీటీ చేతికిచ్చి తిండి సంగతి ఎత్తారు.

"మీది రేవు ఊరేగా! వారానికి రెండుసార్లు కవళ్ళో కానాగంతలో తినండి. వాటిలో ఉండే కొవ్వు గుండెకు మంచిది."

"నేను చేపలు తిననండి," అంది అమ్మ తల వంచుకుని.

ఆయన కారణం అడగలేదు. "పోనీ, అవిసె గింజలు వాడుకోండి, మందులతో పాటు," అన్నారు.

ఆ "మందులతో పాటు" అన్న రెండు మాటలూ నా చెవిని పడ్డాయిగాని మనసుకు పట్టలేదు. నా మనసంతా అప్పటికే "అవిసె" అనే మాట మీదికి పోయింది. తెలుగు ఎం.ఏ. చదివినవాడి దౌర్భాగ్యం అది.

దారిలో అమ్మ అడిగింది: "అవిసె గింజలంటే, తమలపాకు తోటల్లో తీగలకు ఆనుగా పెంచుతారే, ఆ చెట్టు గింజలా?"

ఆవిడ అడగటంలో తప్పు లేదు. మన భాషలో అవిసెలు రెండు. ఆకూ పువ్వూ కూర వండుకునే అవిసె చెట్టు ఒకటి. దానికీ ఈ గింజలకూ పేరులో తప్ప చుట్టరికం లేదు. ఈ రెండోది నీలిపూల చిన్న మొక్క, సంస్కృతంలో అతసి. అమరకోశం దానికి ఉమ, క్షుమ అని మరి రెండు పేర్లు చెబుతుంది. ఆ క్షుమ నారతో నేసిన బట్టే అసలు క్షౌమం. మనం పట్టుబట్ట అనుకుని ఊరుకుంటాం. కృష్ణాష్టకంలో స్వామి మేనిఛాయను పోల్చింది ఈ పువ్వుతోనే. ఇంగ్లీషువాళ్ళు లినెన్ అని చొక్కాలు కుట్టించుకునేది ఈ నారతోనే. లిన్నేయస్ పండితుడు దీనికి పెట్టిన లాటిన్ పేరుకు "మిక్కిలి ఉపయోగపడేది" అని అర్థం. ఇదంతా ఆటో ఇంటిముందు ఆగేలోపల అమ్మకు చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని, "ఇంతకీ ఎట్లా తినాలి?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు.

మొదటి నెల గింజల్ని గింజలుగానే పెరుగన్నంలో చల్లుకుని తిన్నాం. వాటి పైతొక్క గట్టిది. నమలకుండా మింగితే కడుపులోకి ఎట్లా వెళ్ళాయో అట్లాగే బయటికి వస్తాయి. లోపలున్న సారం మనకు దక్కదు. ఆ సంగతి తెలిశాక పొడి కొట్టించాను. మా ఆవిడ ఆ పచ్చిపొడిని నాలుగు చెంచాలు పప్పుచారులో వేసింది. అవిసె పిండికి నీళ్ళు తగిలితే బెండకాయ మాదిరి జిగురొస్తుంది. పావుగంటలో చారు చిక్కబడి గరిటెకు అంటుకుంది.

"ఇది పప్పుచారా, సినిమా పోస్టర్లంటించే మైదా జిగురా?" అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం అందరం మజ్జిగన్నం తిన్నాం.

మమ్మల్ని ఒడ్డుకు చేర్చినవాడు మా కాలేజీలో పనిచేసే ఒక మిత్రుడు. ఆయనది ఆదిలాబాదు వైపు. నా అవస్థ విని నవ్వి, "మీకిది కొత్త గానీ మాకు కొత్త కాదు. మా ఇంట్లో జొన్నరొట్టెలోకి అవిసె పొడి మా నాయనమ్మ నాటినుంచీ ఉంది," అన్నాడు. నిజమే. తెలంగాణలోనూ, ఉత్తర కర్ణాటకలోనూ, మహారాష్ట్రలోనూ రొట్టె తినే ఇళ్ళలో ఈ పొడి పాతకాలపుది. వరి, మినుము, పెసర పండించుకునే మన డెల్టా వాళ్ళకే ఇది పొట్లాల్లో వచ్చిన వింతగా కనిపిస్తుంది. ఆయన చెప్పిన పద్ధతి ఇది: కప్పు గింజలు సన్నసెగ మీద చిటపటలాడేదాకా నూనె లేకుండా వేయించాలి; మాడితే చేదెక్కుతాయి. పది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, గుప్పెడు కరివేపాకు విడిగా వేయించి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, కాస్త చింతపండు, ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా దంచాలి. అమ్మకోసం ఉప్పు సగానికి తగ్గించాం.

ఆ పొడి రాగానే మా ఇంట్లో అవిసెకు కాలు నిలిచింది. ఇడ్లీలోకి అదే, దోశలోకి అదే. వేపుడు దించేముందు ఒక చెంచా. గోంగూర పచ్చడిలో నువ్వులపొడికి బదులు ఒక చెంచా. కొత్త వంట ఏదీ నేర్చుకోనక్కరలేదు. మన వంటింట్లో కందిపొడికీ కరివేపాకు పొడికీ ఉన్న అలమారలోనే దీనికీ ఒక సీసా స్థానం చూపిస్తే చాలు.

సీసా అంటే గుర్తొచ్చింది. ఈ పొడి నెలకు సరిపడా చేసి పెట్టుకోకూడదు. అవిసె నూనెకు గాలి తగిలితే గట్టిపడే గుణముంది. అందుకే దాన్ని రంగుల్లోనూ, కిటికీ అద్దాలకు పెట్టే పుట్టీలోనూ కలుపుతారు. కుర్రాళ్ళు క్రికెట్ బ్యాటుకు పట్టిస్తారు. బ్యాటును కాపాడే ఆ గుణమే పొడిని పాడుచేస్తుంది. గింజగా ఉన్నంతకాలం తొక్క కాపలా కాస్తుంది. దంచితే గాలి తగిలి కొద్దిరోజులకే కమురువాసన వేస్తుంది. మేము వారానికి సరిపడా దంచి, బిగుతైన మూతగల సీసాలో ఫ్రిజ్‌లో పెడతాం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక నా జబ్బు ముదిరింది. రోజూ రాత్రి భోజనాల దగ్గర అవిసె మహత్యం మొదలుపెట్టేవాణ్ణి. పెద్ద చెంచాడు, అంటే 7 గ్రాముల పొడిలో సుమారు 1.6 గ్రాముల ఒమేగా-3 కొవ్వు, 2 గ్రాముల పీచు ఉంటాయి. ఈ రకం కొవ్వు ఆడవాళ్ళకు రోజుకు 1.1 గ్రాములు, మగవాళ్ళకు 1.6 గ్రాములు చాలునని అమెరికాలో లెక్క కట్టారు. అంటే ఒక్క చెంచాతో రోజు గడిచినట్టే! ఈ అంకెలు నిజమే. అంకెలతో ఊరుకుంటే బాగుండేది. "చేపకు బదులు ఇదేనమ్మా! ఇది మందు కాదు, మందులకే అమ్మమ్మ!" అని ఒకరోజు ఊపులో అన్నాను. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు, తల ఊపింది.

అది వేట నిషేధం కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు సముద్రం మీదికి పోవు; రేవంతా మూగబోతుంది. ఆ రోజుల్లోనే మామూలుగా చేయించే రక్తపరీక్ష చేయించాం. అంతకుముందు 68 ఉన్న చెడు కొలెస్ట్రాలు 141కి ఎక్కింది. కాగితం పట్టుకుని నేను నీరుగారిపోయాను. ఇన్ని గింజలు తింటుంటే ఇదేమిటి?

నాన్న వల పక్కన పెట్టి లోపలికి వెళ్ళి మాత్రల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించాడు. అన్ని మాత్రలూ అయిపోవస్తున్నాయి. ఒక్క కొలెస్ట్రాలు మాత్రల అట్టలే, రెండు నెలలవి, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"చదువుకున్నవాడివి నువ్వు చెప్పావనేరా మానేసింది," అన్నాడు.

అమ్మ గడపలో నిలబడి ఉంది. "ఒక మాత్రన్నా తగ్గితే నీకు ఖర్చు తగ్గుతుందనుకున్నానయ్యా. మందులకే అమ్మమ్మ అన్నావు గదా."

నాకు మాట రాలేదు. వచ్చినమాట కూడా తప్పుమాటే వచ్చింది. "పోనీ, ఇప్పటికైనా చేప తినమ్మా," అన్నాను.

ఆవిడ చాలాసేపు రేవు వైపు చూసింది.

"మా అన్నయ్య ఇంకా దొరకలేదు గదయ్యా," అంది.

ఇన్నేళ్ళకు కారణం తెలిసింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాం. ఆయన కోప్పడలేదు, మాత్ర మళ్ళీ మొదలుపెట్టించి నాకు పాఠం చెప్పారు. ఈసారి నేను విద్యార్థిని. అవిసెలోని ఒమేగా-3 వేరు, చేపలోని ఒమేగా-3 వేరు. మొదటిదాన్ని మన శరీరం రెండోదానిగా మార్చుకోగలదుగాని, ఆ మారేది చాలా కొద్దిపాలు. కనుక గింజ చేపకు పూర్తి బదులు కాదు. అది కొలెస్ట్రాలును కాస్త తగ్గించవచ్చు. స్టెంటు పడ్డవాళ్ళకు ఆ కాస్త చాలదు. కెనడాలో కాళ్ళ రక్తనాళాల జబ్బున్న 110 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. రోజుకు 30 గ్రాముల అవిసె పిండి ఆరునెలలు తిన్నవాళ్ళకు, తిననివాళ్ళకంటే పై రక్తపోటు సుమారు 10 పాయింట్లు తక్కువగా ఉంది. గొప్ప ఫలితమే. అయితే అది మందులు మానేసి గింజలు తినమని చెప్పిన పరీక్ష కాదు.

మరో రెండు జాగ్రత్తలు కూడా ఆయనే చెప్పారు. పీచు ఎక్కువ గనుక నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే మలబద్ధకం పోవటానికి తిన్నదే మలబద్ధకం తెస్తుంది. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్ళూ, గర్భిణులూ డాక్టరును అడిగే తినాలి. రోజుకు ఒకటి రెండు చెంచాలు దాటనక్కరలేదు.

మూడు నెలల తరువాత అంకె మళ్ళీ 70కి దిగింది. ఆ కాగితం చూసినరోజున నాకు పట్టిన నిద్ర ఎం.ఏ. ప్యాసయినరోజున కూడా పట్టలేదు.

అవిసె పొడి మా ఇంట్లో ఇంకా ఉంది. దాని మహత్యం చెప్పటం మాత్రం నేను మానేశాను. అమ్మ తనంతట తానే ఒక ఏర్పాటు చేసుకుంది: మాత్రల అట్టను పొడిసీసాకు రబ్బరు బ్యాండుతో చుట్టి పెడుతుంది. రాత్రి కంచం ముందు కూర్చోగానే సీసా వస్తుంది, దానితో మాత్రా వస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రలెందుకమ్మా అంటే, "రాత్రికి సీసా దగ్గరికి చేరుస్తా, పొద్దున మళ్ళీ డబ్బాలోకి. నీకెందుకు?" అంటుంది.

మొన్న ఎదురింటి పిన్నికి కూడా గుండె నాళంలో స్టెంటు వేశారు. అమ్మ చిన్న పొట్లం కట్టి పట్టుకెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

"రోజుకు ఒక చెంచా, అన్నంలో కలుపుకో," అని చెప్పి అమ్మ పొట్లం చేతికివ్వబోయి ఆగింది. "పొడి ఇచ్చానని మాత్ర మానేసేవు, జాగ్రత్త. మావాడు ఏదన్నా చెప్పినా సరే."

పిన్ని నా వంక చూసింది. నేను తల ఊపాను.